ఈశాన్యం మూల పొలిమేర రాయి

మా ఊరి పేరు మా ఊరిది కాదు. ఇంగ్లండులో ఒక చిన్న నది ఒడ్డునున్న సంత ఊరి పేరది. అక్కణ్ణుంచి ఎప్పుడో ఓడెక్కినవాళ్ళు మాసాచుసెట్స్‌లో దిగి, చెట్లు కొట్టి, రాళ్ళేరి, తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టు పాత ఊరి పేరు కొత్త ఊరికి పెట్టుకున్నారు. తాత ఊళ్ళో రాజుగారి అనుమతితో వారం వారం సంత జరిగేదట. మనవడి ఊళ్ళో శనివారం పూట ఫార్మర్స్ మార్కెట్ పెడతారు. అందులో గోంగూర దొరుకుతుంది. ఈ మాట చెబితే ఒంగోల్లో మా అక్క నమ్మలేదు.

నేను చెప్పేవి నమ్మకపోవడం మా ఇంటా వంటా ఉన్న ఆచారమే. నా మాటల్లో మూడొంతులు కోతలని మా ఆయన పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టాడు. మిగిలిన ఆ ఒక్క వంతు ఏదో తేల్చుకోలేక ఇప్పటికీ అవస్థ పడుతున్నాడు. ఆఫీసులో మాత్రం నేను టెస్టర్‌ని, అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. పగలంతా నిజాలు మాట్లాడి మాట్లాడి నోరు చప్పబడిపోతుంది. సాయంత్రానికి కాస్త ఉప్పూ కారం కావాలనిపిస్తుంది.

ఇప్పుడు రాయబోయేది ఆ ఒక్క వంతులోది. నేను రాశానంటే ఎలాగూ ఎవరూ నమ్మరన్న ధైర్యంతోనే రాస్తున్నాను. అయినా పేర్లు రాయను.

మా ఊరి చరిత్ర సంఘం నెలకోసారి లైబ్రరీ కింది గదిలో కూడుతుంది. నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది చరిత్ర మీద మోజుతో కాదు. బయట వాన దంచుతోంది, తలుపు మీద 'టీ, బిస్కెట్లు ఉచితం' అని కాగితం అతికించి ఉంది. లోపల కొద్దిమంది తెల్లజుట్టువాళ్ళు, గోడకి ఒక పాత ఇంగ్లండు మ్యాపు, దాని ముందు చేతికర్ర పట్టుకుని ఒక పెద్దాయన. హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, ఇక్కడ పద్ధతి అది. నేనూ పైకి అలాగే పిలిచేదాన్ని గానీ, మనసులో మాత్రం మాస్టారనే అనుకునేదాన్ని.

ఆ రోజు ఆయన పేరిష్ అంటే ఏమిటో చెబుతున్నాడు. ఒక చర్చి, దాని కిందికి వచ్చే నేల, ఆ నేల మీద బతికే మనుషులు, ఇవన్నీ కలిస్తే ఒక పేరిష్. ఆ నేల ఎక్కడిదాకా ఉందో గుర్తుపెట్టుకోవడానికి మ్యాపులు లేవు. అందుకని ఏడాదికోసారి, వేసవి ముంగిట్లో, పాస్టరుగారూ ఊరి పెద్దలూ పిల్లల్ని వెంటేసుకుని పొలిమేర చుట్టూ నడిచేవారు. హద్దు రాయి కనబడినప్పుడల్లా ఒక పిల్లవాణ్ణి ఎత్తి ఆ రాయి మీద కూలేసేవారు. ఆ నొప్పి జన్మలో మరిచిపోడు కాబట్టి, యాభై ఏళ్ళ తరవాత తగువొస్తే ఆ పిల్లవాడే ముసలివాడై వచ్చి 'రాయి ఇక్కడే ఉండేది, నా పిర్రకి తెలుసు' అని సాక్ష్యం చెప్పేవాడట. నడక అయ్యాక అందరికీ రొట్టె, బీరు.

నేను ఊరుకుంటానా. చెయ్యెత్తి, మాకూ పొలిమేర రాళ్ళున్నాయని, మా తాత పొలం గట్టు మీది రాయికి కాళ్ళు కూడా ఉండేవని, ఏటా దుక్కులప్పుడు అది ఒక జానెడు పక్క పొలంలోకి నడిచేదని, పొద్దున్నే లేచి చూసి మా తాత అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయేవాడని చెప్పాను. మాస్టారు పడీ పడీ నవ్వాడు. ఇక్కడి రాళ్ళకీ కాళ్ళున్నాయన్నాడు. శీతాకాలం నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడు, అడుగునున్న రాళ్ళని మంచు పైకి తోసేస్తుందట. రైతులు ప్రతి వసంతంలో పొలంలో కొత్త రాళ్ళ పంట తీసేవారట. అది మాత్రం కోత కాదు.

అలా ఆయనకీ నాకూ స్నేహం కుదిరింది. మా రాష్ట్రంలో ఇప్పటికీ ఒక చట్టం ఉంది. కొన్నేళ్ళకోసారి పక్కపక్క ఊళ్ళవాళ్ళు కలిసి హద్దు వెంట నడిచి, రాళ్ళన్నీ ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసి, ప్రతి రాయి మీదా ఆ ఏడాది అంకె పెయింటుతో వెయ్యాలి. చాలా ఊళ్ళు దీన్ని గాలికొదిలేశాయి. మా ఊరు వదల్లేదంటే అది మాస్టారి పట్టుదల. మా ఊరి తరఫున ఎప్పుడూ ఆయనే నడిచాడు. కిందటిసారి ఆయన వెంట నేనూ వెళ్ళాను. దారిలో చూడటానికి వచ్చిన పిల్లలకి నేనేదో కట్టుకథ చెబుతుంటే, ఆయన నన్ను పక్కకి పిలిచాడు.

"టీ దగ్గర ఏమైనా చెప్పు, నవ్వుతాను. రాయి దగ్గర మాత్రం నిజమే చెప్పాలి. మనుషులంతా పోయాక మిగిలే సాక్షి అదొక్కటే."

అంత మెత్తగా నన్ను ఎవరూ తిట్టలేదు. ఆ తరవాత రాళ్ళ దగ్గర నా నోరు అదుపులో పెట్టుకున్నాను.

మళ్ళీ హద్దు నడక రాబోతోందనగా, ముందు ఆదివారం మా ఇంట్లో ఉగాది పాట్‌లక్. తలా ఒక వంటకం తెచ్చుకున్నారు. భోజనాలయ్యాక ఎప్పట్లాగే 'అక్కా, ఏదైనా చెప్పు' అన్నారు. రాబోయే నడక గురించి మొదలుపెట్టి, పేరిష్‌లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి మాస్టారి దగ్గర విన్న ఇంకో సంగతిలోకి దిగాను. పేరిష్ హద్దు నేల కోసం మాత్రమే కాదు. ఎవరికి తిండి పెట్టాలో తేల్చేది కూడా అదే. బీదవాణ్ణి అతని సొంత పేరిషే పోషించాలి. అందుకని పరాయి మనిషి ఎవరైనా వస్తే, వీడు రేపు మన నెత్తిన పడతాడేమోనని ఊరంతా లెక్కలేసేది. పని కోసం వచ్చినవాడు, 'ఇతను మావాడే, చితికిపోతే మేమే వెనక్కి తీసుకుంటాం' అని సొంత ఊరివాళ్ళు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకు తిరిగేవాడు. నెలలు నిండిన అనాథ ఆడదైతే, కాన్పు ఈ నేల మీద అయితే బిడ్డ ఈ ఊరి బరువవుతుందని, నొప్పులు పడుతున్నదాన్ని బండెక్కించి హద్దు దాటించేసేవారు. ఓడెక్కి వచ్చినవాళ్ళు ఈ తెలివి కూడా మూట కట్టుకుని తెచ్చుకున్నారు. మా ఊళ్ళో కొత్తగా దిగిన సంసారాల తలుపు తట్టి, 'మీరు మావాళ్ళు కారు, వెళ్ళిపొండి' అని చెప్పిపోయే మనిషి ఉండేవాడు.

ఇందులో నేను ఉప్పూ కారం ఏమీ వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం రాలేదు. హాల్లో ఉన్నవాళ్ళలో సగం మంది హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్ళే. గిన్నెలో చెంచా చప్పుడు కూడా లేదు.

ఆ నిశ్శబ్దానికి నాకే భయమేసింది. దాన్ని పోగొట్టడానికి ఎవరో 'మరి రాయి జరిపితే ఏం చేసేవాళ్ళక్కా' అని అడిగిందే చాలన్నట్టు అందుకున్నాను. జరిపినవాణ్ణి ఆ రాయి ఉండాల్సిన గోతిలోనే పీకలదాకా పూడ్చి, మీంచి నాగలి తోలేవారని చెప్పాను. అది వేరే దేశాల పాత పుకారని, ఇంగ్లండు పేరిష్‌లో జరిగిన దాఖలా లేదని మాస్టారు చెప్పగా విన్నదాన్నే. అయినా పూడ్చిన మనిషి మీసాల్ని ఎద్దు ఎలా వాసన చూసిందో కూడా చేసి చూపించాను. అందరూ నవ్వారు, ఇద్దరు తప్ప.

ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు. అతనిది కరీంనగర్, నాకు తమ్ముడి లెక్క. ఆమెది మా ఒంగోలు వైపు, అందుకని చెల్లెలి లెక్క. కిందటేడే ఊరి చివర, అడవి అంచున కొత్త ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ళ గ్రీన్‌కార్డు ఫైలు ఏళ్ళ తరబడి నానీ నానీ, ఈ మధ్యే చివరి మెట్టు మీదికి వచ్చింది. కార్డు చేతికొచ్చేదాకా ట్రాఫిక్ టికెట్ కూడా తెచ్చుకోవద్దని లాయరు చెప్పాడంటూ, తమ్ముడు హైవే మీద కుడివైపు లైను వదలకుండా, ముసలివాళ్ళు కూడా దాటిపోయేంత మెల్లగా కారు నడిపేవాడు. దాని మీద అందరం అతన్ని ఏడిపించేవాళ్ళం.

గిన్నెలు సర్దుతుంటే ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, ఆ హద్దు రాయి ఎట్టుంటది?"

నడుమెత్తు ఉంటుందని, గ్రానైటని, రెండు వైపులా రెండు ఊళ్ళ పేర్లలోని మొదటి అక్షరాలు చెక్కి ఉంటాయని చెప్పాను. ఆమె సింకు అంచు పట్టుకుంది.

కథంతా అక్కడే చెప్పింది. ఇల్లు కొన్నాక ఇండియాలో తెలిసిన వాస్తు ఆయనకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి ఇల్లూ పెరడూ తిప్పి చూపించారట. అంతా బాగుందన్నాడు గానీ, పెరటి మూల రాయి చూసి ఆగాడట. ఈశాన్యంలో బరువు ఉండకూడదు, ఉంటే యజమానికి కావలసిన పనులు ముందుకు కదలవు, దాన్ని నైరుతికి మార్పించమన్నాడు. ఫైలు ఎన్నేళ్ళుగానో కదలకపోవడానికీ కొత్త ఇంటి రాయికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. పచ్చిక వెయ్యడానికి వచ్చినవాళ్ళ దగ్గర చిన్న మెషినుంది. వాళ్ళు ఆ రాయిని లేపి, ఇంటి ముందు నైరుతి మూలకి తెచ్చి పాతి, గొయ్యి పూడ్చి, దాని మీద పచ్చిక పరిచి పోయారు.

"అది జరిపిన రెండు నెలలకే ఫైల్ కదిలిందక్కా. ఇప్పుడు వెనక్కి పెడితే మళ్ళీ ఆగిపోద్ది. పెట్టకపోతే పోలీసులొస్తారు. ఏం చెయ్యమంటావ్?"

రేపు వచ్చి చూస్తానన్నాను.

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. రాయి చుట్టూ రంగు చెక్కపొట్టు పోసి, సోలార్ దీపాలు గుచ్చి, పూలమొక్కలు నాటారు. పెళ్ళిపీటల మీద కూర్చున్న ముసలాయనలా ఉంది. కారు తాళంచెవితో నాచు గీరి చూశాను. రోడ్డు వైపు మా ఊరి అక్షరం, ఇంటి వైపు పక్క ఊరి అక్షరం. అంటే రాయి లెక్కన వాళ్ళ ఇల్లు మా ఊళ్ళోనే లేదు.

అక్షరాలు కనబడలేదా అని తమ్ముణ్ణి అడిగాను. అతను తల వంచుకున్నాడు.

"కనబడ్డయ్ అక్కా. ఎవరిదో సమాధి అనుకున్న. గందుకే ఇంకా తొందరగ తీపిచ్చిన."

మెషినువాళ్ళకి ఫోన్ చేస్తే, నేలంతా బురదగా ఉంది, మే నెల దాకా తెచ్చేది లేదన్నారు. గురువారం సాయంత్రం మావాళ్ళే నలుగురు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు గునపం, తాడు, యూట్యూబ్ పెట్టుకుని దిగారు. వీడియోలో ఎవరో ఒక్కడే అలాంటి రాయిని దొర్లించేస్తున్నాడు. ఇక్కడ నలుగురూ కలిసి దాన్ని బెత్తెడు వంచారు. ఒకడికి నడుం పట్టేసింది. పూలమొక్కలు నలిగిపోయి, చూసినవాళ్ళకి ఇక్కడేదో జరిగిందని రాయే చెబుతున్నట్టు తయారైంది. పాత గొయ్యి ఎక్కడో కూడా తేలలేదు. పచ్చిక అంతా ఒకటే పచ్చగా ఉంది.

అప్పుడన్నాను, మాస్టారితో నేను మాట్లాడతానని. మంచు తోసేసిందని చెబుతాను, రాళ్ళని మంచు తోస్తుందని ఆయనే చెప్పాడు, కాదనలేడు అన్నాను. ముందే వెళ్ళి ఆయనకి నిజం చెప్పేస్తే పోదా అని మా ఆయన అన్నాడు. చెబితే ఆయన ఊరి ఆఫీసులో చెప్పి తీరతాడు, ఆయన అలాంటి మనిషి, అన్నాను. తమ్ముడు నా వైపు అప్పు అడగడానికి వచ్చినవాడిలా చూశాడు. నా కోతల మీద ఒక సంసారం ఆశ పెట్టుకోవడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఆ కథని ఎన్నిసార్లు అల్లినా దారం తెగుతూనే ఉంది. మంచు రాయిని పైకి తోస్తుంది గానీ, ఇంటిని చుట్టివచ్చి, నైరుతి చూసుకుని పాతి, చుట్టూ దీపాలు పెట్టదు కదా.

శనివారం పొద్దున బయల్దేరాం. మాస్టారు ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తెల్ల పెయింటు డబ్బా. పక్క ఊరి ఆఫీసు నుంచి ఒకామె వచ్చింది, చేతిలో జీపీఎస్. వెనక నేను. మంచు కరిగిన నేల కాలు పెడితే చీలమండ దాకా లోపలికి లాక్కుంటోంది. ప్రతి రాయి దగ్గరా మాస్టారు ఆగి, దాని నెత్తి మీద చెయ్యి వేసి, పలకరించినట్టు తట్టి, అంకె వేసేవాడు. ఇంగ్లండులోని తాత ఊళ్ళో కూడా ఇలాగే తట్టేవారని, తను చిన్నప్పుడు వాళ్ళ నాన్న తనని నిజంగానే ఒక రాయి మీద కూలేశాడని, అది ఏ రాయో కళ్ళు మూసుకుని చెప్పగలనని అన్నాడు. మామూలు రోజైతే నేనొక పిట్టకథ విసిరేదాన్ని. ఈసారి తల వంచుకుని నడిచాను. ఏమ్మా, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బురద అన్నాను.

తమ్ముడి పెరట్లోకి వచ్చేసరికి జీపీఎస్ కూసింది. ఇక్కడే ఉండాలంది పక్క ఊరామె. పచ్చిక తప్ప ఏమీ లేదు. ఆమె కంచె అవతలి పొదల్లో వెతకడానికి వెళ్ళింది. మాస్టారు కదల్లేదు. పచ్చిక మీద కర్రతో రెండుసార్లు పొడిచి చూసి, తలెత్తి, ఇంటి పక్కనుంచి కనబడుతున్న సోలార్ దీపాల వైపు చూశాడు. తరవాత మెల్లగా అటు నడిచాడు. ఆయన వెనకే నేను. ఇంట్లోంచి తమ్ముడూ, చంటిపాపని చంకనేసుకుని అతని భార్యా చెప్పులు కూడా వేసుకోకుండా బురదలోకి దిగొచ్చారు.

ఆయన ఒంగి, వాలిన రాయి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఈసారి తట్టలేదు.

నేను మొదలుపెట్టాను, ఈ ఏడు మంచు మరీ ఎక్కువ కదా అని. ఆయన నా వైపు చూడకుండానే చెయ్యెత్తాడు. నన్ను కాదు, తమ్ముణ్ణి అడిగాడు, ఇది ఇక్కడికి ఎలా వచ్చిందని.

తమ్ముడు చెప్పేశాడు. ఆఫీసు మీటింగులో ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైందో చెప్పినట్టు, ఏదీ దాచకుండా, వరసగా, నున్నటి ఇంగ్లీషులో చెప్పాడు. ఈశాన్యమంటే ఏమిటో, నైరుతి అంటే ఏమిటో కూడా చెప్పాడు. మాస్టారు ఏ మూలకి ఏది ఉండాలో మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు, పరీక్షకి చదువుకునే పిల్లాడిలా. అందులో వెటకారం లేదు. భూమిలో దిక్కులకి అర్థం ఉంటుందని ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి చివర్లో ఒక్క మాట అంది.

"ఊరిదని తెలీదు సార్. మా పెరట్లో ఉంటే మాదే అనుకున్నాం. కేసు అయితే మా కార్డు ఆగిపోతుంది, మేం వెళ్ళిపోవాల్సి వస్తుంది."

మాస్టారి చూపు వాళ్ళిద్దరి పాదాల మీద ఉంది. పిక్కల దాకా బురద.

"సంత ఊళ్ళలో ఒక కోర్టు ఉండేదని చెప్పాను, గుర్తుందా?" అన్నాడు నాతో.

గుర్తుంది. తిరనాళ్ళప్పుడు ఎక్కడెక్కడి నుంచో నడిచొచ్చిన వర్తకులకి తగువొస్తే, పెద్ద కోర్టు కూర్చునేదాకా ఆగే తీరిక ఉండదు. వాళ్ళు మళ్ళీ దారి పట్టాలి. అందుకని సంతలోనే, అక్కడికక్కడే విని, అదే పూట తేల్చేసే కోర్టు ఒకటుండేది. వచ్చినవాళ్ళ కాళ్ళని చూసే దాన్ని దుమ్ముకాళ్ళ కోర్టన్నారు. పరాయివాళ్ళని హద్దు దాటించేసిన ఆ దేశంలోనే పరాయివాళ్ళ కోసం ఇదొకటి ఉండటం వింతగా లేదూ అని ఆయన అప్పట్లో అన్నాడు.

"రాయి ఈ రోజే దాని చోటికి వెళ్ళాలి" అన్నాడు తమ్ముడితో. "అంతే. తీర్పు అయిపోయింది."

పక్క ఊరామె పొదల్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"మంచు" అన్నాడు. "శీతాకాలంలో పడిపోయింది. బాగా వాలిపోయి పడింది. వీళ్ళకి చిన్నపిల్ల ఉంది, మీద పడుతుందేమోనని తీసి ఇటు పెట్టారు. దీపాలు కూడా అందుకే, చీకట్లో ఎవరూ తట్టుకోకుండా."

కొత్తగా అబద్ధం చెప్పేవాళ్ళు చేసే తప్పే చేశాడు, అడగనిదానికి కూడా జవాబిచ్చాడు. ఆయన చెవులు ఎర్రబడిపోయాయి. నా బతుకంతా ఇదే పని చేసినదాన్ని, ఆ ఒక్క మాటకి నాకు చెమట పట్టింది. పక్క ఊరామె మాత్రం మామూలుగా తలూపింది. మంచుకి ఇదొక అలవాటంది, తమ ఊరి లోడరు బండిని మధ్యాహ్నం పంపిస్తానంది.

మధ్యాహ్నం చెక్కలు పరిచి వాటి మీదుగా లోడరు వచ్చింది. జీపీఎస్ చూపించిన చోట తవ్వి, రాయిని నిలబెట్టి, మా ఊరి అక్షరం మా వైపు తిప్పారు. మాస్టారు అంకె వేశాడు. ఎప్పుడూ గీత గీసినట్టు వేసే మనిషి, ఈసారి రంగు కిందికి కారింది.

ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఈశాన్యం మూలకే చూస్తోంది, అక్కడ ఎవరో చచ్చిపోయినట్టు. నేను లోపలికి వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఈశాన్యంలో బరువుండకూడదు, కానీ దేవుడి గది ఎక్కడుండాలి అని అడిగాను. ఈశాన్యంలోనే అంది. మరింకేం, రాయి అనుకుంటే బరువు, పొలిమేర దేవత అనుకుంటే దేవుడు, దేవుడెప్పుడైనా ఇంటికి బరువవుతాడా అన్నాను.

"ఇది శాస్త్రమా అక్కా, నీ కోతా?"

"నా కోత నీకెప్పుడైనా చేటు చేసిందా?"

ఆమె నా మొహంలోకి చూసింది. పీకలదాకా పూడ్చినవాడి కథ చెప్పిన ఆదివారం నుంచి ఆమె కళ్ళ కింద నలుపు అలాగే ఉంది. కాసేపటికి పసుపూ కుంకుమా పట్టుకుని బయటికి నడిచింది. మాస్టారు తడి పెయింటు పక్కన పసుపు పడటం చూశాడు. ఇదేమిటని అడుగుతాడేమోనని నేను జవాబు సిద్ధం చేసుకుంటున్నాను. అడగలేదు. డబ్బా మూత బిగించుకుని, కర్ర తీసుకుని, కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తరవాతి సమావేశానికి ఆయన రాలేదు. దాని తరవాతి దానికీ రాలేదు. నేను పులిహోర పట్టుకుని ఇంటికి వెళ్ళాను. బాగానే ఉన్నాడు, టీ ఇచ్చాడు, మా తాత రాయి ఎంతదాకా నడిచిందని కూడా అడిగాడు. నేను లేవబోతుంటే గ్యారేజీలోకి వెళ్ళి, పెయింటు డబ్బా, బ్రష్షు తెచ్చి నా చేతిలో పెట్టాడు. వచ్చే నడక నువ్వు చెయ్యి అన్నాడు. మీరుండగా నేనేమిటన్నాను.

"ఆ రాయి దగ్గరికి వెళితే ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే మళ్ళీ చెప్పాలి. నువ్వు చెప్పగలవు. నేను చెప్పలేను."

అందులో నింద లేదు. చేతకాని పనిని చేతనైనవాళ్ళకి అప్పగించినట్టే అన్నాడు. డబ్బా పక్క సీట్లో పెట్టుకుని కారు నడుపుతుంటే మలుపుల్లో అది దొర్లి డోరుకి కొట్టుకుంటూ ఉంది. ఆ చప్పుడు ఇల్లు చేరేదాకా విన్నాను.

తమ్ముడి ఇంటర్వ్యూకి ఇంకా పిలుపు రాలేదు. అసలు ఆలస్యమే మామూలని, అందరివీ ఆగాయని లాయరు అన్నాడట. ఆ అమ్మాయి మాత్రం ప్రతి శుక్రవారం రాయికి పసుపు రాస్తోంది. భక్తితోనో, బతిమాలుకోవడానికో నేను అడగలేదు. తమ్ముడు ఎక్కడో దూరాన ఫ్రిస్కోలో ఒక ఉద్యోగం గురించి ఆరా తీస్తున్నాడని మా ఆయన చెప్పాడు. అక్కడ ఇళ్ళన్నీ కొత్తవి, పాత రాళ్ళుండవట.

ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి మాస్టారి సంగతంతా చెప్పాను, ఆయన ఏమన్నాడో, ఎలా అన్నాడో. అంతా విని, కంచంలోంచి తలెత్తి, మిగతాది ఎట్లా ఉన్నా ఆ దుమ్ముకాళ్ళ కోర్టు మాత్రం బాగా కల్పించావన్నాడు.

కిందటి నెల సమావేశానికి ఒక కొత్త కుటుంబం వచ్చింది. మోరిస్‌విల్ అనే ఊరి నుంచి మారారట, మనవాళ్ళే. బిస్కెట్ల కోసమే వచ్చి ఉంటారు. సంఘంలో ఒకావిడ వాళ్ళకి ఊరి వింతలు చెబుతూ, ఒక ఏడు మంచు హద్దు రాయిని ఎత్తి ఇంటి అవతలికి పారేసిందని, పాప మీద పడబోతే తండ్రి అడ్డుపడ్డాడని చెప్పింది. అప్పటికే దానికి రెక్కలొచ్చాయి. ఆ కొత్తమ్మాయి నా వైపు తిరిగి, తెలుగులో, గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగానా ఆంటీ?"

నా చేతిలో టీ ఉంది. మాస్టారి కుర్చీ ఎవరూ కూర్చోకుండా ఖాళీగా ఉంది. దానికి ఒక ఎద్దునో, ఒక తుఫానునో జత చెయ్యడం నాకు చిటికెలో పని. ఏమీ జత చెయ్యలేదు.

"మాస్టారు చెప్పారమ్మా" అన్నాను. "ఆయన చెప్పారంటే నిజమే."